మట్టిలో కలిసే సబ్బు పెట్టె: ఏ మట్టిలో, ఎన్నాళ్లకు?

తొమ్మిది నెలల కిందట ఒక సబ్బు పెట్టెను మా ఇంటి కంపోస్టు కుండలో పాతిపెట్టాను. లేత ఆకుపచ్చ రంగు, అడుగున ఒక ఆకు బొమ్మ, దాని చుట్టూ ‘మొక్కజొన్నతో తయారైనది, మట్టిలో కలిసిపోతుంది’ అని ఉబ్బెత్తు అక్షరాలు. స్నానాల గదిలో వాడుతుండగా ఒకరోజు గీజర్ నీళ్లు నేరుగా పడి ఒక మూల వంగిపోయింది. ఇక పనికిరాదని తేలాక, రాసిన మాట ఎంతవరకు నిజమో చూద్దామనిపించింది. అదే రోజు అదే కుండలో అరిగిపోయిన బీరపీచు కూడా ఒకటి వేశాను. మొన్న కుండను గోనెపట్టా మీద బోర్లించి చూస్తే పీచు ఆనవాలు లేదు. సబ్బు పెట్టె మాత్రం ఉంది. కుళాయి కింద కడిగితే అక్షరాలు కూడా చక్కగా చదవగలిగేలా ఉన్నాయి.

అయితే తయారీదారు అబద్ధం రాశాడా? అలా అనడానికి వీల్లేదు. ఆ పెట్టె నిజంగానే కంపోస్టయ్యే సరుకు కావచ్చు. చిక్కంతా ‘మట్టిలో’ అన్న మాటలో ఉంది. అది ఏ మట్టి, ఎంత వేడి, ఎన్ని నెలలు అన్నవి పెట్టె మీద రాయలేదు.

## కొండ మీది సంచి నుంచి స్నానాల గది దాకా

తిరుపతి వాళ్లకు ఈ సరుకు కొత్తదేమీ కాదు. 2021 ఆగస్టులో తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర డీఆర్‌డీఓ రూపొందించిన సంచుల అమ్మకం మొదలైంది. మొక్కజొన్న పిండి పదార్థంతో చేసినవని, మూడు నెలల్లో మట్టిలో కలిసిపోతాయని అప్పట్లో చెప్పారు. 2022 జూన్ 1 నుంచి కొండ మీద ప్లాస్టిక్‌పై పూర్తి నిషేధం వచ్చింది. సరిగ్గా నెల తరవాత, జులై 1 నుంచి, దేశమంతటా ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. స్నానాల గదికి సంబంధించినది ఆ జాబితాలో ఒకటుంది: ప్లాస్టిక్ పుల్ల ఉన్న చెవి బడ్స్. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌తో చేసిన వాటికి మాత్రం ఆ నిబంధనల్లోనే మినహాయింపు ఇచ్చారు.

ఆ మినహాయింపుతో అంగళ్లలో కొత్త అర తెరుచుకుంది. మొదట సంచులు, ప్లేట్లు, చెంచాలు వచ్చాయి. ఆ తరవాత సబ్బు పెట్టెలు, బ్రష్షు స్టాండ్లు, దువ్వెనలు, మగ్గులు, నాలుక బద్దలు చేరాయి. సంచికి, సబ్బు పెట్టెకు ఒకటే ఆకు బొమ్మ వేసి అమ్ముతున్నారు. నా దృష్టిలో గందరగోళం మొదలైంది అక్కడే. సంచి కథ వేరు, పెట్టె కథ వేరు.

## పుట్టుక ఒకటి, చావు ఒకటి

‘బయోప్లాస్టిక్’ అనే ఒక్క మాట రెండు వేరువేరు సంగతులను మోస్తోంది. వస్తువు దేని నుంచి పుట్టిందన్నది ఒకటి. చివరికి ఏమవుతుందన్నది రెండోది. ఈ రెంటికీ సంబంధం ఉండి తీరాలని ఏమీ లేదు.

చెరకు నుంచి ఇథనాల్, ఇథనాల్ నుంచి పాలిథిన్ తయారుచేస్తారు. పుట్టుక మొక్క నుంచే. కానీ పెట్రోలు బావి నుంచి వచ్చిన పాలిథిన్‌కు, దీనికి అణువుల్లో తేడా లేదు కాబట్టి ఇది కూడా అంతే మొండిగా నేలలో పడి ఉంటుంది. మన మెట్ట పొలాల్లో పండే ఆముదం సంగతీ ఇంతే. ఆముదం నూనె నుంచి నైలాన్-11 అనే పదార్థం చేస్తారు. కొన్ని బ్రష్షుల కుచ్చు దానితో చేసిందే. నూటికి నూరు పాళ్లు మొక్క సరుకే అయినా మట్టిలో కుళ్లదు.

దీనికి తలకిందులుగా ఉండేది పీబీఏటీ. అది ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది, అయినా సూక్ష్మజీవులు దాన్ని తినగలవు. కంపోస్టయ్యే సంచుల్లో చాలావాటికి సాగే గుణం దీనివల్లే వస్తుంది. ఒట్టి పిండి పదార్థంతో సంచి చేస్తే చేతిలోనే పటుక్కున తెగుతుంది.

పుట్టుక మొక్క నుంచి, ముగింపు మట్టిలోకి అనదగ్గవి ముఖ్యంగా రెండు. మొదటిది పాలిలాక్టిక్ ఆమ్లం, అందరూ పీఎల్ఏ అంటారు. మొక్కజొన్న పిండినో చెరకు చక్కెరనో పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం తీస్తారు. పెరుగు పుల్లబడేది దీనివల్లే. ఆ అణువులను గొలుసుగా కలిపితే ప్లాస్టిక్ వస్తుంది. రెండోది పీహెచ్ఏ కుటుంబం. మనం ఒంట్లో కొవ్వు దాచుకున్నట్టు కొన్ని బ్యాక్టీరియా తమ కణాల్లో దాన్ని దాచుకుంటాయి. ఈ కుటుంబంలో మొదటిదాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త మోరిస్ లెమోయిన్ 1926లోనే గుర్తించారు. ఇది మామూలు నేలలోనూ సముద్రంలోనూ కూడా కరుగుతుంది కానీ ఖరీదు ఎక్కువ. అందుకే అంగడిలో ‘మొక్కజొన్న’ అని రాసి ఉన్న గట్టి వస్తువు చాలావరకు పీఎల్ఏనే అయి ఉంటుంది.

## బెల్లం అచ్చు చెప్పే పాఠం

నా కుండలో పెట్టె ఎందుకు కరగలేదో తెలియాలంటే పీఎల్ఏ కుళ్లే తీరు తెలియాలి. అది రెండు అంచెల్లో జరుగుతుంది. ముందు నీరు లోపలికి చొరబడి పొడవాటి గొలుసులను ముక్కలు చేయాలి. ముక్కలు బాగా చిన్నవయ్యాకే సూక్ష్మజీవులు వాటిని తింటాయి. మొదటి అంచె దాటకపోతే రెండోది లేదు.

చిత్తూరు బెల్లం కొన్నవాళ్లకు ఒక విషయం తెలుసు. మాఘమాసంలో అచ్చును సుత్తితో కొడితే గానీ పగలదు. అదే అచ్చు వానాకాలంలో చెమ్మ పట్టి వేలితో నొక్కితే దిగబడుతుంది. సరుకు ఒకటే, స్థితి మారింది. పీఎల్ఏకు కూడా ఇలాంటి గడప ఒకటుంది, అయితే అది వేడికి సంబంధించినది. సుమారు 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ గడప ఉంటుంది. దానికి కింద గొలుసులు గాజులా బిగుసుకుని ఉంటాయి, నీరు చొరబడడం మహా నెమ్మది. దాన్ని దాటితే సడలుతాయి, నీటికి దారి ఇస్తాయి.

తిరుపతిలో మే నెల ఎండ 42 డిగ్రీలకు చేరినా ఆ గడప చాలా దూరం. మరి పల్లెల్లో పెంటదిబ్బ తవ్వితే తెల్లవారుజామున ఆవిరి లేస్తుంది కదా? ఆ వేడి ఎండది కాదు, సూక్ష్మజీవులది. పేడ, ఆకు అలము, చెమ్మ, గాలి సరిగా కుదిరిన పెద్ద కుప్ప లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే. కానీ అందుకు కుప్ప కనీసం ఒక ఘనపు మీటరు, అంటే అటు ఇటు ఎత్తు అన్నీ మీటరు చొప్పున ఉండాలి. చిన్నదైతే పుట్టిన వేడి పుట్టినట్టే పక్కల నుంచి జారిపోతుంది. మా మట్టికుండలో పట్టేది పాతిక లీటర్ల చెత్త. ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు. నలభయ్యో వంతు కుప్పతో దిబ్బ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? కూరగాయల తొక్కలకు, బీరపీచుకు ఆ వేడి అక్కర్లేదు కాబట్టి అవి పోయాయి.

ఇందులో నాకు నవ్వు తెప్పించిన సంగతి ఒకటుంది. స్నానాల గదిలో పెట్టె మూల వంగింది గీజర్ నీళ్లు ఇంచుమించు ఆ గడప దగ్గరి వేడితో పడడం వల్లే. కుండలో కరగడానికి దానికి కావలసిందీ అదే వేడి. మొదటి చోట వద్దన్నా క్షణంపాటు దొరికింది, రెండో చోట నెలల తరబడి కావలసి వస్తే దొరకలేదు.

## సర్టిఫికెట్టు ఏమి కొలుస్తుంది

కంపోస్టబుల్ అనే మాటకు మన దేశంలో ఐఎస్/ఐఎస్ఓ 17088 అనే ప్రమాణం ఉంది. యూరప్‌లో ఈఎన్ 13432, అమెరికాలో ఏఎస్‌టీఎం డీ 6400 ఇలాంటివే. వివరాల్లో తేడాలున్నా సారం ఒకటే. పరీక్షలు సుమారు 58 డిగ్రీల దగ్గర జరుగుతాయి. ఒక పరీక్షలో 12 వారాల తరవాత కంపోస్టును 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. వేసిన సరుకులో పదో వంతుకు మించి జల్లెడ మీద మిగలకూడదు. ఇంకో పరీక్షలో ఆరు నెలల్లోపు అందులోని కర్బనంలో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. భార లోహాలు పరిమితి దాటకూడదు, వచ్చిన ఎరువులో మొక్కలు మామూలుగా మొలవాలి.

చాలామంది దృష్టి పడని షరతు ఇంకొకటి ఉంది. ముక్కలయ్యే పరీక్ష పదార్థానికి మాత్రమే కాదు, దాని మందానికి కూడా. ఫలానా మందం వరకు నెగ్గింది అంటే అంతవరకే. సంచి మందం 50 మైక్రాన్లు అనుకుందాం. 3 మిల్లీమీటర్ల సబ్బు పెట్టె అంటే 3,000 మైక్రాన్లు, అరవై రెట్లు. పలుచటి పొరకు వచ్చిన పత్రం చూపించి మందపాటి పెట్టెను అమ్మితే ఆ పత్రం పెట్టె గురించి ఏమీ చెప్పినట్టు కాదు.

ఇంటి కుండలో కరుగుతుందని చెప్పడానికి వేరే ప్రమాణాలున్నాయి. 20 నుంచి 30 డిగ్రీల దగ్గర ఏడాదిలోపు 90 శాతం కర్బనం మారాలి అనేది వాటిలో ప్రసిద్ధమైన షరతు. అది నెగ్గిన సరుకు కూడా ఇళ్లలో ఎప్పుడూ ఒకేలా ప్రవర్తించదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు బ్రిటన్‌లో వేలమంది గృహస్థుల సాయంతో చేసిన అధ్యయనాన్ని 2022లో ప్రచురించారు. ఇంట్లో కంపోస్టవుతాయని ధ్రువీకరణ ఉన్న ప్లాస్టిక్ వస్తువుల్లో 60 శాతం పూర్తిగా విడిపోలేదని అందులో తేలింది.

మన నిబంధనల ప్రకారం కంపోస్టబుల్ ప్లాస్టిక్ తయారీదారు సరుకును అంగడికి పంపే ముందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. పత్రమంటూ ఉంటే దానికి ఒక సంఖ్య ఉంటుంది. నా పెట్టె మీద ఆకు బొమ్మ ఉంది గానీ సంఖ్య లేదు.

## తిరుపతిలో అది చేరే చోట్లు

నగరంలో తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకుంటున్నారు. నగరపాలక సంస్థ చెత్త శుద్ధి ఏర్పాట్లు రేణిగుంట మండలం తూకివాకంలో ఉన్నాయి. సబ్బు పెట్టెను తడి బుట్టలో వేస్తే ఏమవుతుంది? చెత్త వేరుచేసే మనిషి చేతికి అది ప్లాస్టిక్‌లానే తగులుతుంది, ప్లాస్టిక్‌లానే మోగుతుంది. మొక్కజొన్నో ముడిచమురో బల్ల దగ్గర నిలబడి క్షణంలో తేల్చడం ఎవరితరమూ కాదు. తీసి పక్కన పడేస్తారు. ఆ పని తప్పని నేను అనను, ఆ స్థానంలో నేనున్నా అదే చేస్తాను. ఒకవేళ వాళ్ల కన్నుగప్పి అది గ్యాసు తీసే తొట్టిలోకి వెళ్లినా ఫలితం అంతంతే. గాలి చొరబడని ఆ తొట్టెలు సాధారణంగా 35 నుంచి 40 డిగ్రీల దగ్గర నడుస్తాయి. పీఎల్ఏకు ఆ వేడి చాలదు.

పొడి బుట్టలో వేస్తే వేరే తంటా. పాత సామాన్లు కొనేవాడు విరిగిన బకెట్టుకు, మగ్గుకు కిలో లెక్కన డబ్బిస్తాడు. అవి పాలిప్రొపిలీన్, వాటిని కరిగించి మళ్లీ బకెట్టు పోసేవాళ్లున్నారు. పీఎల్ఏకు ఆ బేరం లేదు. పైగా నీళ్ల సీసాల ప్లాస్టిక్‌లో కలిస్తే ఆ సరుకు నాణ్యతను పాడుచేస్తుంది. రెండూ నీటిలో మునిగేవే కాబట్టి తొట్టెలో వేసి విడదీయడం కుదరదు.

ఇక చెత్త గుట్టలో పడితే? పీఎల్ఏ దాదాపు కదలకుండా ఉంటుంది. పిండి పదార్థం కలిసినవి, పీహెచ్ఏ లాంటివి అయితే గాలి లేని చోట కుళ్లి మీథేన్‌ను వదులుతాయి. వందేళ్ల లెక్కన మీథేన్ వేడి పట్టి ఉంచే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైమాటే. గుట్టలో కరగకపోవడమే నయం అనిపించే విడ్డూరమైన లెక్క ఇది.

‘పేరు గొప్ప, ఊరు దిబ్బ’ అనే సామెత ఇక్కడ కాస్త తిరగబడింది. పేరు గొప్పగానే ఉంది, కావలసిన దిబ్బే ఊళ్లో లేదు.

## టన్ను చెరకుకు ఎన్ని పెట్టెలు

దీన్ని సమర్థించేవాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. పీఎల్ఏలోని కర్బనం నిన్నమొన్న మొక్క గాలి నుంచి పీల్చుకున్నది. కోట్ల ఏళ్లుగా భూమి లోపల ఉన్నదాన్ని తవ్వి తెచ్చింది కాదు. చివరికి కాల్చినా కుళ్లినా కొత్త భారం వేయదు అంటారు వాళ్లు. ఎరువులు, కరెంటు, రవాణా లెక్కలోకి తీసుకుంటే ఆ మాట కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

తిండి గింజల పొలాలను ప్లాస్టిక్‌కు మళ్లిస్తారా అన్నది ఎదుటి పక్షం ప్రశ్న. చిత్తూరు చెరకుతోనే లెక్క వేసి చూద్దాం. టన్ను చెరకు నుంచి పదో వంతు, అంటే 100 కిలోల చక్కెర వస్తుందనుకుందాం. రసాయన సమీకరణం ప్రకారం దాని నుంచి గరిష్ఠంగా 84 కిలోల పీఎల్ఏ వస్తుంది. ఫ్యాక్టరీలో తరుగు పోగా 70 కిలోలు చేతికొచ్చాయనుకుంటే, 60 గ్రాముల సబ్బు పెట్టెలు 1,160కి పైనే అవుతాయి. ఒక్క ఎకరంలో పాతిక, ముప్పై టన్నులు పండినా ఊరంతటికీ సరిపోయే పెట్టెలు. సబ్బు పెట్టెల వల్ల తిండికి కరవు రాదు. ప్రపంచమంతా కలిపి బయోప్లాస్టిక్ తయారీ సామర్థ్యం మొత్తం ప్లాస్టిక్‌లో సుమారు అర శాతం మాత్రమే. ఆ అర శాతం యాభై శాతం కావాలంటే మాత్రం పొలం ప్రశ్న నిజంగానే ఎదురవుతుంది. ఉత్తర్‌ప్రదేశ్‌లోని కుంభీలో ఒక చక్కెర సంస్థ చెరకు నుంచి ఏడాదికి పదుల వేల టన్నుల పీఎల్ఏ తీసే ఫ్యాక్టరీని 2024లో ప్రకటించింది. అందుకే ఈ చర్చ ఇకమీదట పుస్తకాలకు పరిమితం కాదు.

మూడో పక్షం ఒకటుంది, కంపోస్టు చేసేవాళ్లది. అమెరికాలోని ఒరెగాన్‌లో కంపోస్టు కేంద్రాల వాళ్లు 2019లో ఈ సరుకు మాకు పంపవద్దని బహిరంగంగానే చెప్పారు. వాళ్ల బాధ చిన్న లెక్కలో అర్థమవుతుంది. పీఎల్ఏ బరువులో సగం కర్బనం. 100 గ్రాముల వస్తువులో 50 గ్రాములు. అది మొత్తం మారితే 183 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ప్రమాణం అడిగే 90 శాతం అంటే 165 గ్రాములు. నత్రజని, భాస్వరం, పొటాష్ అందులో లేవు. అంటే ప్రమాణాన్ని చక్కగా నెగ్గిన సబ్బు పెట్టె ఎరువుగా మారదు, గాలిలో కలుస్తుంది. రైతుకు మిగిలేది దాదాపు సున్నా.

సంచి విషయంలో ఈ లెక్కకు జవాబుంది. తడి చెత్తను మోసుకెళ్లే సంచి తానూ కరిగిపోతే, లోపలి అన్నం, తొక్కలు శుభ్రంగా ఎరువవుతాయి. సంచి తాను ఎరువు కాకపోయినా ఎరువుకు తోడ్పడింది. సబ్బు పెట్టెకు అలాంటి పని ఏముంది? అది చెత్తతో ముడిపడిన వస్తువు కాదు. నీళ్లు, నురుగు, బూజు మధ్య ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండడమే దాని ఉద్యోగం. చెడకూడదు అని కొంటాం, చెడాలి అని పారేస్తాం. కొందరు తయారీదారులు వేడికి వంగకుండా పీఎల్ఏను స్ఫటికాలుగా గట్టిపరుస్తారు. అలా చేస్తే స్నానాల గదిలో బాగానే నిలుస్తుంది, అయితే కుళ్లడం ఇంకా నెమ్మదిస్తుంది. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గక తప్పదు. పదేళ్లు వాడిన మామూలు బకెట్టు, చివరికి పాత సామాన్ల బండెక్కితే, దాని లెక్క అంత చెడ్డదేమీ కాదు. మా అమ్మమ్మ ఇత్తడి చెంబు సంగతైతే ఈ పోటీలోకే తీసుకురాను, అది ఇప్పటికి మూడు తరాలు చూసింది.

## పొట్టు కలిపిన ప్లాస్టిక్

అంగట్లో ఇంకో రకం కనిపిస్తుంది. బియ్యపు పొట్టు, వెదురు పొడి, కొబ్బరి పీచు కలిపి చేసిన మగ్గులు, స్టాండ్లు. గోధుమరంగు, లోపల చిన్న చిన్న మచ్చలు, చూడగానే ప్రకృతి గుర్తొస్తుంది. చాలావాటిలో ఆ పొట్టును పట్టి ఉంచే జిగురు మామూలు పాలిప్రొపిలీనే. పొట్టు కుళ్లగలదు, ప్లాస్టిక్ కుళ్లదు, రెండూ కలిశాక కరిగించి మళ్లీ వాడడమూ కష్టమే. ఈ రకం గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఒట్టి ప్లాస్టిక్ ముక్క విషయంలో ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఉంది. చిన్న ముక్క కోసి, సబ్బు చుక్క కలిపిన నీటిలో వేసి, బుడగలు పోయేలా కదపండి. పాలిథిన్, పాలిప్రొపిలీన్ నీటి కంటే తేలిక, పైకి తేలతాయి. పీఎల్ఏ సాంద్రత 1.24, మునుగుతుంది. తేలిందంటే పీఎల్ఏ కాదు. మునిగిందంటే మాత్రం పీఎల్ఏ అని కాదు, పీవీసీ కూడా మునుగుతుంది. నా పెట్టె వంగిన మూల నుంచి చిన్న ముక్క కోసి గ్లాసులో వేశాను. మునిగింది.

## బ్రష్షు దగ్గర తేడా

స్నానాల గదిలో ఈ లెక్క మారే వస్తువులు లేకపోలేదు. మూడు నెలలకొక బ్రష్షు చొప్పున నలుగురున్న ఇంట్లో ఏడాదికి పదహారు. పిడి 15 గ్రాములనుకుంటే 240 గ్రాములు. సబ్బు పెట్టెలా ఏళ్లు వాడే వస్తువు కాదిది. పిడి, కుచ్చు, మధ్యలో బిగించిన లోహపు తీగ కలిసిపోయి ఉండడం వల్ల పాత సామాన్లవాడు కూడా తీసుకోడు. ఇలాంటి చోట కుళ్లే పిడికి అర్థముంది. దానికి పీఎల్ఏనే అక్కర్లేదు, వెదురు చాలు. వెదురు పిడి మా కుండలో కూడా నెమ్మదిగానైనా మెత్తబడుతోంది.

కుచ్చు మాత్రం మొండిదే. 1938లో అమెరికాలో నైలాన్ కుచ్చు బ్రష్షు వచ్చినప్పటి నుంచి దాదాపు అన్నీ నైలాన్‌వే. దానికి ముందు పంది వెంట్రుకలు వాడేవారు. మన దగ్గర వేపపుల్ల ఉండేది, దానికి పిడి, కుచ్చు వేరు కావు. వెదురు బ్రష్షు మీద ‘పూర్తిగా మట్టిలో కలుస్తుంది’ అని రాసి ఉంటే ఆ ‘పూర్తిగా’లో కుచ్చును లెక్కించలేదన్నమాటే. ఆముదం నైలాన్ అయినా అంతే.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో బ్రష్షు పారేసే ముందు పటకారుతో కుచ్చు పీకి, తీగతో సహా పొడి చెత్తలో వేస్తున్నాం. పిడి కుండలోకి వెళ్తుంది. పదహారు బ్రష్షుల కుచ్చు కలిపినా గుప్పెడు నిండదు. సబ్బు పెట్టె మళ్లీ కుండలోకి వెళ్లలేదు. మూల వంగినా అడుగు సమంగానే ఉంది కాబట్టి కరివేపాకు కుండీ కింద నీళ్లు కారకుండా పెట్టాను.